అరవై నాలుగు గళ్ల సంఖ్య

తెలుగులో గణితగ్రంథ రచనకు ఆద్యుడుగా పేరుపొందిన పావులూరి మల్లన పేర నేటికీ ప్రచారంలో ఉన్న పద్యాల్లో ఒక చంపకమాల, ఆసాంతం, ఒకే ఒక్క సంఖ్యను చెప్పడానికే వెచ్చించబడింది. ఆ సంఖ్య ఇరవై అంకెలది: 18446744073709551615. చదరంగపు బల్లలో మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు చొప్పున గడిగడికీ రెట్టింపు చేసుకుంటూ అరవై నాలుగో గడి దాకా పోతే పోగుపడే మొత్తం గింజల లెక్క ఇది. వరమడిగిన మేధావి, మాట ఇచ్చి చిక్కుకున్న రాజు ఉన్న కథ అందరూ ఎరిగినదే కనుక దాన్ని ఇక్కడ మళ్లీ చెప్పనక్కరలేదు. అయితే ఆ కథ చెప్పేవారిలో చాలామంది సంఖ్య పరిమాణాన్ని చూసి నోరు తెరవడం దగ్గరే ఆగిపోతారు. నిజానికి పెద్దదిగా ఉండటం ఏ సంఖ్యకూ గొప్ప కాదు, దానికి ఒకటి కలిపితే అంతకంటె పెద్ద సంఖ్య వస్తుంది. ఈ సంఖ్యలో చూడదగినది దాని లోపలి కట్టడం.

మల్లన తెనిగించిన మూలగ్రంథం గణితసారసంగ్రహం తొమ్మిదో శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించినది. గ్రంథారంభంలో ఆయన కీర్తించిన రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుడి రాజధాని మాన్యఖేటం, నేటి కలబురగి జిల్లాలోని మళఖేడు. కర్నూలు జిల్లా పడమటి అంచున, రాయచూరు - గుంతకల్లు రైలుమార్గంలో ఉన్న కోసిగి నుంచి నేరుగా కొలిస్తే అది ఇంచుమించు తిన్నగా ఉత్తరాన, సుమారు 150 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. మల్లన విషయానికి వస్తే, ఆయన పదకొండో శతాబ్దిలో రాజరాజనరేంద్రుడి కాలంవాడని, పిఠాపురం దగ్గరి నవఖండవాడను అగ్రహారంగా పొందాడని చెప్పే సంప్రదాయం ఒకటుండగా, అదే పేరుగల తాతా మనుమల్లో గ్రంథకర్త ఎవరన్న దానిపై సాహిత్య చరిత్రకారుల మధ్య వాదం నడిచింది. ఆ వాదం ఎటు తేలినా లెక్కకు వచ్చే లోటు లేదు. మధ్య ఆసియాకు చెందిన అల్ బిరూనీ కూడా క్రీ.శ. 1000 ప్రాంతంలో తన కాలగణన గ్రంథంలో ఇదే మొత్తాన్ని చివరి అంకె దాకా సరిగ్గా ఇచ్చాడు.

పరిమాణాన్ని ఒక్కసారి మాత్రం చూసి పక్కన పెట్టవచ్చు. పాశ్చాత్య కథల్లో గోధుమలు కనిపిస్తాయి గాని, కోసిగి, ఆదోని, ఎమ్మిగనూరుల నల్లరేగడి నేలకు జొన్న తగిన గింజ. వెయ్యి జొన్నగింజలు రమారమి 30 గ్రాములు తూగుతాయనుకుంటే, మొదటి ఇరవై ఒక్క గళ్లలోని గింజలన్నీ కలిసి 63 కిలోలు, అంటే ఒక మనిషి వీపున మోయగల మూట. సగం బల్ల, అంటే ముప్పై రెండు గళ్లు, నిండేసరికి అవి 129 టన్నులవుతాయి; పది టన్నుల లారీలు పదమూడు కావాలి. నలభై గళ్లకు 33 వేల టన్నులు. అరవై నాలుగూ నిండితే 55 వేల కోట్ల టన్నులు దాటుతుంది. ప్రపంచంలోని దేశాలన్నీ కలిసి ఇప్పుడు ఏటా పండించే తిండిగింజలు దాదాపు 300 కోట్ల టన్నులు కాబట్టి, ఆ పాతరను నింపడానికి అన్ని దేశాల పంటా సుమారు 180 ఏళ్లపాటు పొయ్యాలి.

ఇక కట్టడం. రెట్టింపుల వరుసలో ఏ గడిని తీసుకున్నా అందులోని గింజలు అంతకుముందున్న గళ్లన్నిటి మొత్తం కంటె సరిగ్గా ఒకటి ఎక్కువ: నాలుగో గడిలో ఎనిమిది ఉంటే, ముందు మూడింటిలో 1, 2, 4 కలిసి ఏడు. దీనికి కారణం వెతకడానికి సూత్రాలు అక్కరలేదు. మొదటి గడిలో బయటినుంచి ఇంకొక గింజను వేస్తే అక్కడ రెండవుతాయి, వాటిని రెండో గడిలోని రెండింటితో కలిపితే నాలుగు, వాటిని మూడో గడిలోని నాలుగింటితో కలిపితే ఎనిమిది. ఇలా ఆ ఒక్క గింజ తోడై కుప్పను గడి నుంచి గడికి దాటించుకుపోయి, చివరికి అరవై అయిదో గడిలో ఉండవలసినంత రాశిగా, అంటే 2⁶⁴ గా, నిలబెడుతుంది. అప్పు తెచ్చిన గింజను తిరిగి ఇచ్చేస్తే మిగిలేది 2⁶⁴ − 1. మునుపటి పదాన్ని ఒకే సంఖ్యతో గుణిస్తూ పెరిగే ఇలాంటి వరుసను గుణశ్రేఢి అంటారు. దాని మొత్తం కనుక్కునే పద్ధతి మహావీరుడి గ్రంథంలో ఉంది.

2⁶⁴ విలువ కట్టడానికి రెండును అరవై నాలుగుసార్లు వేసి గుణించుకుంటూ కూర్చోవలసిన పని లేదు. ఛందశ్శాస్త్రకర్త పింగళుడు చెప్పిన ఉపాయం ప్రకారం, ఘాతం సరిసంఖ్య అయితే సగం చేయాలి, బేసి అయితే ఒకటి తీసివేయాలి. ఆ మెట్లు దిగి, తిరిగి ఎక్కేటప్పుడు, ఒకటి తీసిన చోట రెట్టింపు, సగం చేసిన చోట వర్గం చేయాలి. వర్గం చేయడమంటే సంఖ్యను దానితోనే గుణించడం. 64ను సగాలు చేస్తూ పోతే ఆరు మెట్లలో ఒకటికి చేరుతుంది కాబట్టి, రెండుతో మొదలుపెట్టి ఆరు వర్గాలు చేస్తే చాలు: 4, 16, 256, 65536, 4294967296, చివరిగా 18446744073709551616. అంటే ఈ మహాసంఖ్య పుట్టుక ఆరు గుణకారాలే, వాటిలో మొదటి మూడు నోటి లెక్కలు. ఇంకొక చిన్న విచిత్రం కూడా చెప్పుకోదగినదే: రెండును రెండుతో గుణిస్తూ పోగా వచ్చిన రాశిలోంచి ఒకటి తీస్తే వచ్చిన ఈ సంఖ్యలోని ఇరవై అంకెల్లో రెండు ఒక్కచోట కూడా లేదు.

పింగళుడికి ఈ ఉపాయంతో పని పడింది గింజలకోసం కాదు, గురు లఘువుల కోసం. ఒక పాదంలో ఎన్ని అక్షరాలున్నాయో తెలిస్తే, ప్రతి అక్షరమూ గురువో లఘువో కావాలి కాబట్టి, ఒక్కొక్క అక్షరానికీ వరుసల సంఖ్య రెట్టింపవుతుంది. పాదానికి ఇరవై అక్షరాలున్న వృత్తాలు 2²⁰, అంటే 1048576 సాధ్యమవుతాయి. తెలుగువారి ఉత్పలమాల వాటిలో ఒకటి మాత్రమే. అది ఎన్నోదో చెప్పే ప్రక్రియకు లక్షణకారులు ఉద్దిష్టమని పేరు పెట్టారు: పాదంలోని అక్షరాలపై ఎడమనుంచి 1, 2, 4, 8 అని రెట్టింపులు రాసుకుంటూ పోయి, లఘువులపై పడిన సంఖ్యలను మాత్రమే కూడి, ఆ మొత్తానికి ఒకటి కలపాలి. ఆ ప్రకారం ఉత్పలమాల 355799వ వృత్తం. ఇరవై ఒక్క అక్షరాల చంపకమాల తన 2097152 వృత్తాల్లో 711600వది. గురువుకు బదులు సున్న, లఘువుకు బదులు ఒకటి రాస్తే ఈ పద్ధతి నేటి కంప్యూటర్లు వాడే ద్విసంఖ్యామానమే అవుతుంది, అంటే సున్న, ఒకటి అనే రెండే అంకెలతో సంఖ్యలు రాసే విధానం. ఈ దృష్టితో చూసినప్పుడు చదరంగపు మొత్తానికి వేరే రూపం కనిపిస్తుంది. అరవై నాలుగు అక్షరాలూ లఘువులే అయిన పాదాన్ని ఊహించి వాటిపై సంఖ్యలన్నీ కూడితే వచ్చేది సరిగ్గా 18446744073709551615. ద్విసంఖ్యామానంలో అది అరవై నాలుగు ఒకట్ల వరుస.

ఎమ్మిగనూరు మగ్గాలపైనా ఇదే లెక్క నడుస్తుంది. అరవై నాలుగు పడుగు పోగుల మీదుగా ఒకసారి పేక నడిపేటప్పుడు, ఒక్కొక్క పోగును విడివిడిగా ఎత్తడమో దించి ఉంచడమో చేయగలిగితే 2⁶⁴ అమరికలు వీలవుతాయి. ఒక్క పోగూ లేవని అమరిక ఒక్కదాన్ని తీసేస్తే మిగిలేది జొన్నగింజల లెక్కే.

మల్లన పేరనున్న పద్యం ఈ సంఖ్యను అంకెలతో గాక పేర్లతో చెబుతుంది. లోకంలో ఎన్ని ఉన్నాయో అందరికీ తెలిసిన వస్తువుల పేరుతో అంకెను సూచించే ఈ పద్ధతిని భూతసంఖ్య అంటారు: చంద్రుడంటే ఒకటి, అగ్ని అంటే మూడు, వేదమంటే నాలుగు, మన్మథుడి శరమంటే ఐదు, తర్కమంటే ఆరు, కులపర్వతాలను బట్టి గిరి అంటే ఏడు, దిగ్గజాలను బట్టి కుంజరమంటే ఎనిమిది, శరీరంలోని తొమ్మిది ద్వారాలను బట్టి రంధ్రమంటే తొమ్మిది, ఆకాశమంటే సున్న. సంఖ్యలో నాలుగు నాలుగుసార్లు వస్తే పద్యం నాలుగుసార్లూ నాలుగు వేర్వేరు మాటలు వాడింది. అంకెలను ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమవైపుకు పేర్చుకుంటూ పోవాలి. అందుచేత శరంతో మొదలైన సంఖ్య చంద్రుడితో ముగుస్తుంది. ఉద్దిష్టంలోనూ చిన్న స్థానమే ముందు వస్తుందని గమనిస్తే, ఛందస్సుకూ అంకగణితానికీ ఆ కాలపు పండితులు ఒకే అలవాటును వాడుకున్నారని తెలుస్తుంది.

ఇలా పద్యంలో బంధించడం అలంకారం కోసమేనని అనుకోవడం పొరపాటు. వరుస మారినా, ఒక మాటకు బదులు ఇంకొకటి పడినా, చాలా సందర్భాల్లో గణం చెడుతుంది, లేదా యతి తప్పుతుంది, కాబట్టి తాటాకు నుంచి తాటాకుకు ఎక్కించే లేఖకుడి చేతి తప్పును ఛందస్సే పట్టిస్తుంది. పోల్చి చూడాలంటే, నేటి కార్యాలయాల్లో అందరూ వాడే ఎక్సెల్ పట్టికలో ఈ ఇరవై అంకెలను సంఖ్యగా కొడితే, అది మొదటి పదిహేను అంకెలను మాత్రమే ఉంచుకొని మిగిలినవాటి స్థానంలో సున్నలు పెడుతుంది. ఈ ఒక్క విషయంలో చంపకమాలదే పైచేయి.

పద్యం సరిగ్గా అందిందో లేదో కాగితం మీద కూడా పరీక్షించవచ్చు. ఒక సంఖ్యను తొమ్మిదితో భాగిస్తే వచ్చే శేషమూ, దాని అంకెల మొత్తాన్ని తొమ్మిదితో భాగిస్తే వచ్చే శేషమూ ఒకటే. ఈ ఇరవై అంకెల మొత్తం 87, శేషం 6. మరోవైపు, 2⁶ అంటే 64, దాన్ని తొమ్మిదితో భాగిస్తే శేషం ఒకటి కాబట్టి, 2⁶⁴ లోంచి ఆరేసి రెళ్లను పదిసార్లు తీసేయవచ్చు. మిగిలిన 2⁴ అంటే 16, శేషం 7, అందులోంచి ఒకటి తీస్తే మళ్లీ 6. పదకొండుతో పరీక్ష ఇంకా గట్టిది, ఎందుకంటే పక్కపక్క అంకెలు రెండు తారుమారైతే తొమ్మిది పట్టుకోలేదు, పదకొండు పట్టుకుంటుంది. కుడినుంచి బేసి స్థానాల్లోని అంకెల మొత్తం 62, సరి స్థానాల్లోని మొత్తం 25, తేడా 37, శేషం 4. 2¹⁰ ను పదకొండుతో భాగిస్తే శేషం ఒకటే కనుక 2⁶⁴ శేషం 2⁴ శేషమే, అంటే 5, అందులో ఒకటి పోగా 4. రెండు పరీక్షల్లోనూ సంఖ్య నెగ్గింది.

సంఖ్య అసలు స్వభావం దాని కారణాంకాల్లో ఉంటుంది. నిశ్శేషంగా భాగించే సంఖ్యలను కారణాంకాలంటారు. ఒకటి, తాను తప్ప వేరే కారణాంకం లేనిది ప్రధాన సంఖ్య. సాధారణంగా ఇరవై అంకెల సంఖ్యను చేత్తో విడగొట్టడం ప్రాణాంతకమైన చాకిరీ; కాని ఆరు వర్గాల్లో పుట్టిన ఈ సంఖ్య, పుట్టిన దారినే విడిపోతుంది. ఒక వర్గంలోంచి ఒకటి తీస్తే మిగిలేది, ఆ వర్గమూలానికి ఒకటి కలిపినదీ ఒకటి తీసినదీ గుణించగా వచ్చినదే, అంటే 16 − 1 అన్నది 5ను 3తో గుణించినట్టు. కనుక 2⁶⁴ − 1 ముందు 2³² + 1, 2³² − 1 గా చీలుతుంది; వీటిలో రెండోది మళ్లీ అలాగే చీలుతుంది; చివరికి సంఖ్యంతా 3 × 5 × 17 × 257 × 65537 × 4294967297 అవుతుంది.

ఈ ఆరు సంఖ్యలకు ఫెర్మా సంఖ్యలని పేరు. ఫ్రెంచి న్యాయవాది, గణితవేత్త పియెర్ ద ఫెర్మా 1640 ప్రాంతంలో ఈ కోవలోని సంఖ్యలన్నీ, అంటే రెండుతో మొదలుపెట్టి వర్గం చేసుకుంటూ పోయే ప్రతి రాశికీ ఒకటి కలిపితే వచ్చేవన్నీ, ప్రధాన సంఖ్యలేనని నమ్మాడు. మొదటి ఐదింటి విషయంలో ఆయన మాట నిజం. ఆరోదాన్ని 641 నిశ్శేషంగా భాగిస్తుందని, భాగఫలం 6700417 అని 1732లో లెన్‌హార్డ్ ఆయిలర్ చూపించాడు. ఆయన గుడ్డిగా వెతకలేదు: ఆ ఆరో సంఖ్యకు ప్రధాన కారణాంకమంటూ ఉంటే దాన్ని 64తో భాగించినప్పుడు శేషం ఒకటే రావాలని తరువాతి రచనలో నిరూపించాడు. ఆ నియమానికి లోబడిన ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. ఐదో ప్రయత్నంలోనే తాళం తెరుచుకుంటుంది.

641 ఎందుకు భాగిస్తుందో భాగాహారం చేయకుండానే తెలుసుకోవచ్చు. ఆ సంఖ్యకు రెండు ముఖాలున్నాయి: అది 5 × 2⁷ కు ఒకటి కలిపితే వచ్చేది, 5⁴ కు 2⁴ కలిపితే వచ్చేది కూడా, అంటే 640 + 1, 625 + 16. మొదటి ముఖం ప్రకారం 5 × 2⁷ అన్నది 641కి ఒకటి తక్కువ కాబట్టి శేషాల లెక్కలో దాన్ని −1 గా చూడవచ్చు. నాలుగుసార్లు గుణిస్తే రుణం పోయి 5⁴ × 2²⁸ శేషం 1 అవుతుంది. రెండో ముఖం ప్రకారం 5⁴ కు బదులు −2⁴ పెట్టుకోవచ్చు. పెడితే −2³² శేషం 1 అని తేలుతుంది. అంటే 2³² కు ఒకటి కలిపితే శేషమేమీ మిగలదు. దాదాపు శతాబ్దంపాటు నిలిచిన ఒక నమ్మకాన్ని కూల్చడానికి నాలుగు పంక్తులు చాలాయంటే, ఫెర్మా వంటి మేధావి ఈ చిన్న లెక్క చేయలేదేమిటన్న ఆశ్చర్యం కలగక మానదు.

మొత్తంమీద 18446744073709551615 అంటే 3, 5, 17, 257, 641, 65537, 6700417 అనే ఏడు ప్రధాన సంఖ్యల లబ్ధం. ఏ ఒక్కటీ రెండుసార్లు రాలేదు. ఒక్కొక్క దాన్ని తీసుకోవడమో వదలడమో చేస్తే ఒక్కొక్క భాజకం ఏర్పడుతుంది కాబట్టి భాజకాల సంఖ్య 2⁷, అంటే 128. గురు లఘువుల లెక్క ఇక్కడా తలెత్తింది. 1796లో, పందొమ్మిదో ఏడు నిండకముందే, కార్ల్ ఫ్రీడ్రిష్ గౌస్ పదిహేడు భుజాల క్రమ బహుభుజిని, అంటే భుజాలూ కోణాలూ అన్నీ సమానమైన ఆకృతిని, గుర్తులు లేని కొలబద్ద, వృత్తలేఖిని మాత్రమే వాడి గీయవచ్చని కనుగొన్నప్పుడు, ఆ పదిహేడు ఈ జాబితాలోని మూడో సంఖ్యే. ఫెర్మా కోవలోని ప్రధాన సంఖ్యలను ఒక్కొక్కసారే వాడి గుణిస్తే వచ్చే బేసి భుజాల బహుభుజులన్నీ అలాగే సాధ్యం. ఆ కోవలో ఇంతవరకు దొరికినవి మొదటి ఐదు ప్రధాన సంఖ్యలే. వాటి లబ్ధం 4294967295, అంటే చదరంగపు బల్లలో సగం గళ్ల మొత్తం. అన్ని భుజాలున్న బహుభుజిని సిద్ధాంతరీత్యా గీయవచ్చు. పూర్తి బల్ల మొత్తమంత భుజాలున్నదాన్ని గీయలేరు. అడ్డుపడేవి ఆయిలర్ పట్టుకున్న 641, దాని జంట 6700417.

నేటి కంప్యూటర్లలోనూ ఫోన్లలోనూ ఒక సంఖ్యను దాచుకునే అర అరవై నాలుగు ద్విసంఖ్యాంకాల వెడల్పుతో ఉంటుంది. రుణసంఖ్యలు అక్కరలేనప్పుడు ఆ అరలో పట్టే అతిపెద్ద సంఖ్య ఇదే. దానికి ఒకటి కలిపితే అర పొంగి సున్నకు చేరుతుంది. సెకనుకు నూరు కోట్ల చొప్పున లెక్కపెట్టే యంత్రం ఆ అరను నింపడానికి 584 ఏళ్లు తీసుకుంటుంది.

పెద్ద సంఖ్యకూ చిన్న సంఖ్యకూ ఉన్న చుట్టరికాన్ని గరిష్ఠ సామాన్య భాజకం చెబుతుంది, అంటే రెండింటినీ నిశ్శేషంగా భాగించే సంఖ్యల్లో అన్నిటికంటె పెద్దది. 1972 ఆగస్టు 15న దేశంలో అమలులోకి వచ్చిన ఆరంకెల పిన్‌కోడుల్లో 518తో మొదలయ్యేవి కర్నూలు ప్రాంతానివి. ఆదోని పిన్‌కోడు 518301ని విడగొడితే 3 × 3 × 7 × 19 × 433. జొన్నల లెక్కలో మూడు ఒక్కసారే ఉంది, ఏడు అసలు లేదు, కాబట్టి రెండింటికీ ఉమ్మడి భాగం 3. ఎమ్మిగనూరు 518360 అంటే 2 × 2 × 2 × 5 × 12959. ఉమ్మడి భాగం 5. కోసిగి 518313 మాత్రం 3 × 17 × 10163. ఉమ్మడి భాగం 3 × 17, అంటే 51. తపాలాశాఖవారు ఫెర్మాను తలచుకొని ఆ అంకెలు ఇచ్చారని ఎవరూ అనరు, ఇది కేవలం కాకతాళీయం. అయినా అరవై నాలుగు గళ్ల జొన్నలను 51 మందికి పంచితే ఒక్క గింజ కూడా మిగలదు, కోసిగి పిన్‌కోడును 51తో భాగించినా అంతే.